హైదరాబాద్ ఎండల్లో చిన్న పీపా: దేవతల వాటాను ఆపాలా, వదిలేయాలా?

నాచారం_మేడగది:
జనవరి మొదటి వారంలో 3 లీటర్ల ఓక్ పీపాలో నాలుగు ఫుల్ బాటిళ్ల సింగిల్ మాల్ట్ విస్కీ పోశాను, 42.8 శాతం ఆల్కహాల్. షాపులో కొన్నదే. ఇంట్లో కాయడం నేరం, ఆ జోలికి పోలేదు. పీపాను మూడు రోజులు నీళ్లతో నింపి ఉంచి, కారడం ఆగాక నింపాను. అప్పటి నుంచి ప్రతి నెలా పీపాతో సహా కాటా మీద పెడుతున్నాను. పోసిన సరుకు బరువు 2,835 గ్రాములు. మే ఆఖరుకి 380 గ్రాములు తగ్గింది. ఐదు నెలల్లోనే 13 శాతం దాటింది! స్కాట్లాండ్‌లో ఏడాదికి 2 శాతం ఆవిరవుతుందని, దాన్ని దేవతల వాటా అంటారని చదివి దిగాను. ఇది చూశాక టెన్షన్ పట్టుకుంది.

పీపా మేడ మీద రేకుల గదిలో ఉంది. రంజన్‌కి చుట్టినట్టు తడి గోనెసంచి చుడదామా అనుకుంటున్నాను. ఇంకో సంగతి, మధ్యాహ్నం ఆల్కహాల్ శాతం కొలిచే హైడ్రోమీటర్ వేస్తే 49 చూపించింది. అంత ఘాటెక్కిందా?

ఓరుగల్లు_ఓక్:
గోనెసంచి వద్దు అన్నా, నేను చేసి చూశాను. రెండు వారాలకే పలకల మీద నల్లగా బూజు పట్టింది, ఇనుప పట్టీలు తుప్పు పట్టాయి. బిరడా తీస్తే తడి గోనె వాసన ముందు వచ్చింది.

అసలు ఎందుకు ఆపాలి? పగటి వేడికి సరుకు వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది, రాత్రి చల్లబడ్డాక రంగు, రుచి పట్టుకుని వెనక్కి వస్తుంది. బెంగళూరు అమృత్ డిస్టిలరీ వాళ్ల గోదాముల్లో ఏడాదికి 10 నుంచి 12 శాతం పోతుంది. వాళ్లు 2013లో తెచ్చిన 8 ఏళ్ల విస్కీకి 'గ్రీడీ ఏంజెల్స్' (అత్యాశ దేవతలు) అని పేరు పెట్టింది అందుకే. స్కాచ్‌కి చట్టప్రకారం కనీసం 3 ఏళ్లు పీపాలో ఉండాలి. మన వేడికి పని త్వరగా అవుతుంది, దాని ఖరీదే ఈ ఆవిరి. పోయేది పోనీ, వానాకాలం దాకా ఉంచు.

సైనిక్‌పురి_కాటా:
గోనెసంచి గురించి ఓరుగల్లు గారు చెప్పింది నిజం. మిగతాది ఒప్పుకోను. పెద్ద డిస్టిలరీల్లో ఉండేవి 200 లీటర్లు, అంతకు పైబడిన పీపాలు. లెక్క కడితే 3 లీటర్ల పీపాలో లీటరు సరుకుకి తగిలే చెక్క దానికి నాలుగు రెట్లు. ఆవిరీ ఎక్కువే, చెక్క రుచి ఎక్కడమూ ఎక్కువే. అమృత్ లెక్కలు చూసి వానాకాలం దాకా ఉంచితే చివరికి మిగిలేది ఓక్ కషాయం.

నాచారం గారూ, మీ 49ని నమ్మకండి. హైడ్రోమీటర్ మామూలుగా 20 డిగ్రీలకు తయారుచేసి ఉంటుంది. రేకుల గదిలో 36 డిగ్రీల సరుకులో వేస్తే ఎక్కువే చూపిస్తుంది. గ్లాసును ఐసు నీళ్లలో పెట్టి, 20కి దిగాక మళ్లీ వేయండి. కొంత పెరిగే ఉంటుంది. గాలి పొడిగా ఉంటే నీళ్లు ముందు పోతాయి, ఘాటు పెరుగుతుంది. జూలై, ఆగస్టు తేమలో అదే పీపాలో ఆల్కహాల్ ముందు పోయి ఘాటు తగ్గుతుంది. స్కాట్లాండ్‌లో జరిగేది ఈ రెండోదే. అందుకే 'ఎంత పోయింది' అని మాత్రమే అడిగితే చాలదు. ఏది పోయిందో తెలియాలి.

నాచారం_మేడగది:
మీరు చెప్పినట్టే చేశాను. 20 డిగ్రీల దగ్గర 43.8 వచ్చింది. ఉజ్జాయింపుగా కడితే పోయిన 380 గ్రాముల్లో 265 దాకా నీళ్లే, ఆల్కహాల్ 115. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

కానీ రుచి మాత్రం సైనిక్‌పురి గారి వైపే ఉంది. బిరడా తీయగానే ఎండుకొబ్బరి, కాస్త బెల్లం పాకం వాసన, చాలా బాగుంది. నాలుక మీద మొదట తియ్యగానే తగిలింది. మింగాక మాత్రం మామిడి జీడి కొరికినట్టు వగరు, ఎంతసేపటికీ పోలేదు. మార్చిలో చూసినప్పుడు ఈ వగరు లేదు.

ఓరుగల్లు_ఓక్:
వగరు గాలి తగిలి మెత్తబడుతుంది అన్నా. ఆవిరైన చోటికి గాలి వస్తుంది, ఆ గాలీ పని చేస్తుంది. తొందరపడకు.

సైనిక్‌పురి_కాటా:
గాలి సాయం చేస్తుంది, కాదనను. కానీ కొత్త చిన్న పీపాలో గాలి కన్నా చెక్క ముందు పరిగెత్తుతుంది. ఒకసారి దిగిన వగరును వెనక్కి తీయలేం. ఇప్పుడే దించి సీసాల్లో పట్టండి. రెండో పోతకి చెక్క సారం తగ్గి ఉంటుంది, అప్పుడు నిదానంగా ఏడాది ఉంచుకోవచ్చు. మెట్ల కింద గదిలో, నేల మీద నాలుగు ఇటుకలు పేర్చి పెట్టండి. ఎండాకాలం అదే గదిలో వెడల్పాటి గిన్నెలో నీళ్లు ఉంచితే చాలు, పీపాను తడపక్కర్లేదు. కుళాయి మొదలు దగ్గర చెమ్మ కనిపిస్తే తేనెమైనం రాయండి. కారిందీ ఆవిరి లెక్కలోకే పోతుంది మరి.

నాచారం_మేడగది:
నిన్న రాత్రి దించాను. బరువు ప్రకారం 2,600 మిల్లీలీటర్లు రావాలి, 2,410 వచ్చింది. మూడు సీసాలు నిండి, నాలుగోదాంట్లో అడుగున కొద్దిగా. మిగతా 190 పలకల్లో ఇంకిపోయి ఉంది, అది దేవతల ఖాతాలోది కాదు. ఓరుగల్లు తమ్ముడి మాట కొట్టేయలేక ఒక సీసా సగం ఖాళీగా గాలితో ఉంచాను, ఆగస్టులో వగరు ఎలా ఉందో చెప్తాను. పీపా మెట్ల కిందికి చేరింది. రెండో పోత ఈ ఆదివారం పోయొచ్చా?

సైనిక్‌పురి_కాటా:
ఆదివారం దాకా ఆగకండి. ఈ ఎండకు ఖాళీ పీపా పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు పడతాయి. ఈ రాత్రికే పోసేయండి, పోసిన వెంటనే తూచి రాసి పెట్టుకోండి.