‘బగ్ కాదు, ఫీచరే’ అని టికెట్ మూసేస్తే మీరేం చేశారు?

మారతహళ్ళి టెస్టర్:
బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ చేస్తున్నా. ల్యాబుల తరఫున పేషెంట్లకి రక్తపరీక్ష రిపోర్టుల లింకు ఎస్సెమ్మెస్‌లో పంపే సాఫ్ట్‌వేర్ మాది. లింకు చివర ఒక నంబరుంటుంది. పోయిన వారం అందులో ఆఖరి అంకె 4 తీసి 5 కొట్టా. ఎవరిదో రిపోర్టు తెరుచుకుంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, షుగర్ ఎంతుందో, అన్నీ. లాగిన్ లేదు, ఓటీపీ లేదు. వెంటనే ఇది బగ్, అంటే లోపం, అని టికెట్ (ఫిర్యాదు) వేశా. సాయంత్రానికల్లా ‘వర్కింగ్ యాజ్ డిజైన్డ్’ అని మూసేశారు. పెద్దవాళ్ళకి లాగిన్ కష్టం, పిల్లలకి వాట్సాప్‌లో పంపుకోవాలి, అందుకే కావాలని అలా పెట్టారట. ఆ అవసరం నిజమే, కాదనను. కానీ పక్కవాళ్ళ రిపోర్టు నాకు కనపడాలని ఎవరడిగారు?

ఓఎంఆర్ జావా:
చెన్నై నుంచి. లాగ్‌ఫోర్‌జే గుర్తుందా? జావా ప్రోగ్రాముల్లో ఏం జరుగుతోందో లాగ్‌లో, అంటే చిట్టాలో, రాసిపెట్టే కోడ్ అది. లాగ్‌లో పడే మాటలో ఎవడైనా తన సర్వర్ అడ్రస్ ఇరికిస్తే, అక్కడికెళ్ళి కోడ్ తెచ్చి నడిపేసేది. అలా వెతికి తెచ్చే ‘లుకప్’ 2013లో కావాలని చేర్చిన సదుపాయమే. 2021 డిసెంబర్‌లో బయటపడితే తీవ్రత 10కి 10 ఇచ్చారు. షోలింగనల్లూరు ఆఫీసులో ఆ శని, ఆదివారాలు ఇంటి మొహం చూడలేదు. సరిచేసిన వెర్షన్ 2.15 ఎక్కించి హమ్మయ్య అనుకునేలోపే 2.16, మళ్ళీ 2.17. మెసేజ్ లుకప్‌ని 2.16లో పూర్తిగా పీకేశారు.

వైట్‌ఫీల్డ్ అడ్మిన్:
అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దండీ. ‘అడ్మిన్ యూజర్లని తీసేయగలుగుతున్నాడు’ అని నాకు బగ్‌లు వేస్తారు. అడ్మిన్ పనే అది, ఆ హక్కు మనమే ఇచ్చాం. మీది అలా కాదు. ముక్కూమొహం తెలియనివాడికి ఆ పేషెంటు ఏ హక్కూ ఇవ్వలేదు. నంబరు బదులు ఊహించలేని పొడవాటి లింకు పెట్టించండి, వారం దాటితే పనిచేయకూడదు, తెరిచేటప్పుడు పుట్టిన తేదీ అడగాలి. వాట్సాప్‌లో పంపుకోవడం ఎక్కడికీ పోదు.

నెల్లూరు నెట్‌వర్క్స్:
మీవాళ్ళకి వర్డ్‌లో డీడీఈ (వేరే ప్రోగ్రాముల నుంచి డేటా తెచ్చుకునే పాత పద్ధతి) సంగతి కూడా చూపించండి. 2017లో మైక్రోసాఫ్ట్ మొదట ఫీచరే అంది. దాడులు మొదలయ్యాక అదే ఏడాది డిసెంబర్ అప్‌డేట్‌తో ఆపేసింది.

మారతహళ్ళి టెస్టర్:
అందరికీ థ్యాంక్సండీ. నిన్న రాత్రి అమ్మకి చెప్పా. నెల కిందట తన రిపోర్టూ మా లింకుతోనే వచ్చింది. ‘అంటే నా షుగర్ ఎంతో ఎవరైనా చూడొచ్చా?’ అంది. పొద్దున టికెట్ మళ్ళీ తెరిచి అమ్మ అడిగిన మాట అలాగే రాశా, కింద పొడవాటి లింకు, పుట్టిన తేదీ సంగతి పెట్టా. ఇప్పటిదాకా ఎవరూ మూయలేదు.