మార్బుల్ కట్టర్‌కు చెక్క కోసే బ్లేడు బిగించవచ్చా?

అల్మారా కోసం 18 మి.మీ. ప్లైవుడ్, కొన్ని టేకు పలకలు కోయాలి. నా దగ్గరున్నది 4 అంగుళాల మార్బుల్ కట్టర్. దానికే 40 పళ్ల చెక్క బ్లేడు బిగిస్తే చాలంటున్నారు దుకాణదారు. అమ్మేవారికి ధైర్యం ఎక్కువే! కట్టర్ నిమిషానికి 13,000 చుట్లు తిరుగుతుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం 10,000. పైగా కోత అయ్యాక తనంతట తాను దిగి పళ్లను కప్పేసే గార్డు ఈ కట్టర్‌కు లేదు.

అందుకే 185 మి.మీ. బ్లేడుండే సర్క్యులర్ సా (చెక్క కోసే కరెంటు రంపం) కొనాలనుకుంటున్నాను. టేకును నిలువునా చీల్చడానికి 24 పళ్లది, ప్లైవుడ్ అంచు పెచ్చులూడకుండా 60 పళ్లది విడిగా కొనాలా, 40 పళ్లదొక్కటే సరిపోతుందా? చీల్చేటప్పుడు కోత మూసుకుపోయి బ్లేడు బిగుసుకుంటే యంత్రం వెనక్కి తన్నుతుందట. మీరైతే ఏం చేస్తారు? పలక అడుగున బ్లేడు ఎంత బయటికి ఉండాలి? వడ్రంగం తెలిసినవారు దయచేసి చెప్పండి.