ఒంగోలు నుంచి 28 రాష్ట్రాలు, ఒక్కడినే: ఈశాన్యం ఏ వరుసలో తిరగాలి?

ఒంగోలు_బాటసారి:
రైళ్లు, బస్సులు, షేర్ జీపుల్లోనే 28 రాష్ట్రాలూ తిరగాలని పట్టుదల. దక్షిణాది, గోవా, ఒడిశా అయిపోయాయి. ఇప్పుడు ఈశాన్యానికి దాదాపు నెల సెలవు దొరికేట్టుంది, నవంబరులో బయల్దేరదామని. పర్మిట్లు ఎక్కడెక్కడ కావాలి? ఏ వరుసలో వెళ్తే వెనక్కి తిరగడం తగ్గుతుంది? ఇంకొకటి, చండీగఢ్‌లో ఒక రాత్రి ఉంటే పంజాబు, హర్యానా రెండూ లెక్కకు వస్తాయా?

గూడూరు_జంక్షన్:
రావు తమ్ముడూ. రెండింటికీ రాజధానే గానీ చండీగఢ్ కేంద్రపాలిత ప్రాంతం. పక్కనే ఉన్న మొహాలీ పంజాబు, పంచకుల హర్యానా. చెరో రాత్రి అక్కడ ఉంటే సరిపోతుంది. ఢిల్లీ, పుదుచ్చేరి, 2019 అక్టోబరు 31 నుంచి జమ్మూకశ్మీర్, లడఖ్ కూడా ఈ 28లో లేవు. అయినా కశ్మీర్ పోతే పోస్ట్‌పెయిడ్ సిమ్ ఉండాలి, మన ప్రీపెయిడ్ అక్కడ పనిచేయదు.

ముందు నియమం పెట్టుకో. రైలు కిటికీలోంచి చూసింది లెక్కకాదు, కనీసం ఒక రాత్రి బస అనుకుంటే నీకే తృప్తి.

పెన్నగట్టు_నెల్లూరు:
ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్లు లోపలికి వెళ్లడానికి తీసుకునే అనుమతి) నాలుగు రాష్ట్రాలకు: అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్. నాలుగింటికీ ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయొచ్చు. అస్సాం, మేఘాలయ, త్రిపురకు అక్కర్లేదు. గ్యాంగ్‌టక్ వరకు సిక్కింకూ అక్కర్లేదు. సోంగో సరస్సు, చైనా సరిహద్దులోని నాథులా కనుమ, ఉత్తర సిక్కింకు మాత్రం ప్రత్యేక పర్మిట్ కావాలి, అది రిజిస్టర్డ్ ట్రావెల్ ఏజెంటే తీస్తాడు. ఒంటరిగా వెళ్లినవాళ్లను షేర్ జీపులో కలుపుతారు. నాథులా సోమ, మంగళవారాలు మూత. ఆధార్‌తో పాటు ఓటరు కార్డు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, అన్నింటికీ జిరాక్సులు పెట్టుకో. పాన్ కార్డు చూపిస్తే ఒప్పుకోరు.

చాలామంది దెబ్బతినేది తేదీల దగ్గర. ఇంటి నుంచి బయల్దేరే రోజు నుంచే పర్మిట్ తీసేస్తారు. తీరా అక్కడికి చేరేసరికి సగం రోజులు కరిగిపోయుంటాయి. రాష్ట్రంలో అడుగుపెట్టే రోజు వేసి, చివర్లో రెండు మూడు రోజులు ఎక్కువ రాయి.

వరుస ఇలా పెట్టుకో. గువాహటి దిగి, షేర్ సుమోలో షిల్లాంగ్ (సుమారు 100 కిలోమీటర్లు), మళ్లీ గువాహటి. రాత్రి రైల్లో నాహర్‌లగున్, అది ఈటానగర్ పక్కనే. అక్కడి నుంచి దిమాపూర్ వచ్చి రోడ్డున కోహిమా. మణిపూర్‌లో 2023 మే నుంచి పరిస్థితులు మారుతూ ఉన్నాయి కాబట్టి ఆ వారం వార్తలు చూసుకునే ఇంఫాల్ సంగతి తేల్చుకో. రోడ్డు నమ్మకంగా లేకపోతే ఆ ఒక్కదానికి గువాహటి నుంచి విమానం ఎక్కడమే మేలు. తర్వాత లమ్డింగ్, బదర్‌పూర్ మీదుగా మిజోరం. 2025 సెప్టెంబరులో ఐజ్వాల్ పక్కన సాయిరంగ్ వరకు రైలు మార్గం ప్రారంభమైంది, సిల్చార్ నుంచి కొండ రోడ్డున కుదుపులు తినే బాధ తప్పింది. మళ్లీ బదర్‌పూర్ వచ్చి అగర్తలా. సిక్కిం తిరుగు ప్రయాణంలో న్యూ జల్పాయిగుడిలో దిగి చూడు. గ్యాంగ్‌టక్ జీపులు మధ్యాహ్నం లోపే పట్టుకోవాలి.

అరుణాచల్‌లోని తవాంగ్ కూడా కావాలంటే గువాహటి నుంచి రోడ్డున పోను రెండు రోజులు, రాను రెండు రోజులు. 2024 మార్చిలో ఆ దారిలో సేలా సొరంగం ప్రారంభమయ్యాక మంచులో ఇరుక్కునే భయం తగ్గింది. నా మటుకు, ఇంకో రాష్ట్రంలో రోజులు తగ్గించుకునైనా తవాంగ్ చూడాలి.

కావలి_ప్యాసింజర్:
నవంబరు ఈశాన్యానికి మంచిదే, మనకే కాదు. అది మన వాయుగుండాల నెల. 2021 నవంబరులో నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాలు కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాబట్టి మొదటి పర్మిట్ తేదీకి ముందు రెండు రోజులు ఖాళీ ఉంచు. జూన్ నుంచి సెప్టెంబరు మాత్రం అసలు వద్దు. లమ్డింగ్–బదర్‌పూర్ కొండ మార్గంలోనూ, సిక్కిం రోడ్డు మీదా చరియలు విరిగిపడుతుంటాయి.

రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన లైను మీదుగానే పోతుంది, దాన్ని చూడు. సర్క్యులర్ జర్నీ టికెట్ గురించి కూడా స్టేషన్‌లో అడుగు. బయల్దేరిన చోటికే తిరిగి రావాలి, మధ్యలో గరిష్ఠంగా 8 చోట్ల దిగొచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది కాబట్టి విడివిడి టికెట్లకన్నా చౌక. ఐఆర్‌సీటీసీలో దొరకదు, దారి రాసిచ్చి దరఖాస్తు పెట్టాలి. ప్రతి రైలుకూ బెర్తు మళ్లీ వేరుగా రిజర్వు చేసుకోవాలి, ఇది తెలియక కొందరు జనరల్ బోగీలో నిలబడతారు.

ఒంగోలు_బాటసారి:
అన్నా, డిసెంబరు మొదటి వారం కోహిమాలో ఉండేట్టు జరిపితే?

పెన్నగట్టు_నెల్లూరు:
డిసెంబరు 1 నుంచి 10 వరకు కోహిమా పక్కన కిసామాలో నాగా తెగల హార్న్‌బిల్ పండుగ. చూడదగ్గదే, కానీ గదులు నెలల ముందే నిండుతాయి. బస ఖాయం చేసుకున్నాకే రైలు టికెట్లు తీయి. ఆదివారం ఐజ్వాల్‌లో పడకుండా చూసుకో, కొట్లు, హోటళ్లు దాదాపు అన్నీ మూసేస్తారు. అక్కడ చలికాలం నాలుగున్నరకే చీకటి పడుతుంది, సుమోలు తెల్లవారగానే కదులుతాయి. కొండ ఊళ్లలో నెట్‌వర్క్ పోతే ఫోన్ చెల్లింపులు జరగవు, మూడు నాలుగు రోజుల ఖర్చుకు చిల్లర నోట్లు దగ్గరుంచుకో.