క్రిస్మస్‌కి కానుకలు మానేస్తే పండగలో ఏం మిగులుతుంది?

సుధీర్_పి:
ఈ ఏడాది క్రిస్మస్‌కి మా ఇంట్లో ఎవరికీ ఏమీ కొనకూడదనుకుంటున్నాం. ఆ డబ్బు అవసరమున్నవాళ్ళకి ఇచ్చేస్తాం. బైబిల్లో లూకా సువార్త 2వ అధ్యాయం తీసి చూడండి. సత్రంలో చోటు లేక పసిబిడ్డ యేసును పొత్తిగుడ్డలతో చుట్టి పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ప్రసవం తర్వాతి శుద్ధి దినాలు గడిచాక దేవాలయంలో అర్పించడానికి ధర్మశాస్త్రం చెప్పింది గువ్వల జత, లేదా రెండు పావురపు పిల్లలు. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్ళకి లేవీయకాండం 12లో ఇచ్చిన వెసులుబాటు అది. అంత లేని ఇంట్లో పుట్టినవాడి పేరు చెప్పి మనం అప్పులు చేసి సామాన్లు కొంటున్నాం. మీరేమంటారు?

షారోన్:
మరి శిశువుని చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ఏం తెచ్చారు సుధీర్ గారూ? బంగారం, సాంబ్రాణి, బోళం. మత్తయి 2:11. ఖరీదైనవని మరియమ్మ వెనక్కి పంపలేదే!

సుధీర్_పి:
వాళ్ళు తెచ్చింది శిశువుకి. ఒకరికొకరు పంచుకోలేదు.

జోసెఫ్_మాస్టారు:
జ్ఞానులు ముగ్గురని కూడా అనేస్తుంటారు, ఆ లెక్క బైబిల్లో లేదు. కానుకలు మూడు, అంతే. పైగా తొట్టి దగ్గరికి వచ్చింది గొర్రెల కాపరులు. జ్ఞానులు వచ్చింది ఇంట్లోకి. ఈ రెండూ కలిపేయకండి.

అన్వేషి:
పండగని బాగుచేద్దామన్న వాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ బే కాలనీలో 1659లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల క్రైస్తవులు క్రిస్మస్‌నే నిషేధించారు. పని మానేసి పండగ చేసుకుంటే 5 షిల్లింగుల జరిమానా. 1681లో ఎత్తేశారు.

సుధీర్_పి:
నిషేధించమని నేనెక్కడన్నాను అన్వేషి గారూ? మా ఇంటి సంగతి చెప్పాను.

షారోన్:
నా మాటకి జవాబు రాలేదు. యోహాను 12 చదవండి. బేతనియ ఊళ్ళో మరియ (యేసు తల్లి కాదు, వేరే ఆవిడ) అచ్చ జటామాంసి అత్తరు యేసు పాదాలకు పూసింది. దాన్ని 300 దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వచ్చు కదా అన్నారొకరు. దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి, అంటే ఏడాది కష్టం. అలా అన్నది ఎవరో మీకు తెలుసు. యేసు ఆమెని ఏమీ అనొద్దన్నాడు.

సుధీర్_పి:
అంటే నేను యేసుని పట్టిచ్చిన యూదానా? బీదలకిద్దాం అన్నందుకు ఇంత మాటా? మీతో వాదించడం నాదే బుద్ధి తక్కువ.

వందన:
పండగ ముందు ఈ తిట్లేంటండీ.

అన్వేషి:
లెక్క ప్రకారం సుధీర్ గారే కరెక్ట్. 1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త విద్యార్థుల్ని అడిగి చూశారు. పండగ కానుకల ఖరీదులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా వృథా అని తేల్చారు. అందుకున్నవాళ్ళు కట్టే విలువ అంతమేర తక్కువ.

షారోన్:
అభిమానం విలువ పక్కన పెట్టి చెప్పమని కదా అడిగారు ఆ సర్వేలో! నేను మాట్లాడుతున్నది ఆ పక్కన పెట్టిన దాని గురించే.

సుధీర్_పి:
అభిమానమా? మా అన్నయ్య ఇంట్లో క్రిస్మస్ రోజు అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఒక్కో ప్యాకెట్టూ విప్పుతారు. తెచ్చినవాళ్ళ పేరు పైకి చదువుతారు. మాది వచ్చేసరికి వదిన డబ్బా తిరగేసి ధర చీటీ పీకేసిన జిగురు మరక మీద వేలితో రుద్దుతుంది. ఆ చూపు తప్పించుకోవడానికి మా ఆవిడ కానుక వాయిదాల మీద కొంది. మళ్ళీ క్రిస్మస్ వస్తోంది, ఆ వాయిదాలు ఇంకా తెగలేదు. ఇదీ మా అభిమానం.

షారోన్:
అది నాకు అర్థమవుతుంది. ఇప్పుడు నాది వినండి. మా నాన్న ఏటా క్రిస్మస్‌కి పెద్ద చందా ఇచ్చేవారు. ఆరాధనలో ఆయన పేరు చదివేవారు, అందరూ వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఇంట్లో మాకు మాత్రం నిరాడంబరం. అమ్మ కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టుకుని ఆ దారంతోనే పాటల పుస్తకం చదివేది. ఏం ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో ఆవిడని ఎవరూ అడగలేదు. మత్తయి 6లో కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఉంది. మా ఇంట్లో ఊరంతటికీ తెలిసేది, అమ్మకి చివర్లో తెలిసేది. మీ నిర్ణయానికి మీ ఇంట్లో ఎవరెవరు ఒప్పుకున్నారు?

సుధీర్_పి:
మా ఆవిడ ఒప్పుకుంది. పిల్లల్ని అడగలేదు. ఉన్నమాట చెప్పాలంటే, డబ్బుల్లేవు అని అన్నయ్య ఇంట్లో నోరు విప్పి చెప్పలేను. బీదలకిస్తున్నాం అంటే ఎవరూ ఏమీ అనలేరు.

జోసెఫ్_మాస్టారు:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే బాగుండేది బాబూ. బీదలకిచ్చే మాట నిజమా కాదా?

సుధీర్_పి:
నిజమే మాస్టారూ. ఆ వాయిదాల మీద ఇంకో వాయిదా చేరకపోతే కొంతైనా మిగులుతుంది, అది ఇస్తాం. షారోన్ గారితో ఒక్క విషయంలో నేను ఏకీభవించను. ఇంట్లో అందరి ముచ్చటా తీరాకే బయటికి ఇవ్వాలంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.

షారోన్:
ముచ్చట్లన్నీ తీర్చమనలేదు. పిల్లల వాటా వాళ్ళని అడక్కుండా తీసి బయటికిస్తే అది మీ దానం కాదు, వాళ్ళది. పేరు మాత్రం మీకొస్తుంది. ఈ మాట నేను మార్చుకోను.

సుధీర్_పి:
పిల్లల్ని ఈ రాత్రే అడుగుతాను. వాళ్ళేదైనా కావాలంటే కొంటాను. అన్నయ్య ఇంటికి మాత్రం ప్యాకెట్టు పట్టుకెళ్ళను.

వందన:
మరి వాళ్ళు మీకిస్తే తీసుకుంటారా?