ఐబీఎస్‌కు అసలు కారణం పేగుల్లోని బ్యాక్టీరియానేనా? మైక్రోబయోమ్ రిపోర్టు చూసి చికిత్స మార్చొచ్చా?

వేకువచుక్క:
కొన్నేళ్లుగా ఐబీఎస్‌తో (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే మామూలు పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా కడుపునొప్పి, విరేచనాలు లేదా మలబద్ధకం వేధించే పేగు సమస్య) బాధపడుతున్నాను. నాది విరేచనాలు ఎక్కువయ్యే రకం. కొలనోస్కోపీ, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) పరీక్ష, థైరాయిడ్ అన్నీ నార్మల్ అన్నారు. "టెన్షన్ తగ్గించుకోండి" అన్న మాట విని విని విసుగొచ్చి, ఈమధ్య ఒక కంపెనీకి మలం శాంపిల్ పంపి మైక్రోబయోమ్ (పేగుల్లోని సూక్ష్మజీవుల సమూహం) టెస్టు చేయించాను. రిపోర్టులో ఎర్ర రంగులో "డిస్‌బయోసిస్" అని, అంటే పేగు బ్యాక్టీరియా సమతుల్యం దెబ్బతిందని వచ్చింది. బ్యాక్టీరియాలో వైవిధ్యం తక్కువట, ఫర్మిక్యూట్స్, బ్యాక్టీరాయిడీట్స్ అనే రెండు పెద్ద బ్యాక్టీరియా వర్గాల మధ్య ఉండాల్సిన నిష్పత్తి తప్పిందట. ఆ పేజీ కిందే నాకు సరిపడే ప్రోబయాటిక్ (మేలు చేస్తాయని ఇచ్చే బతికున్న బ్యాక్టీరియా) పేరు కూడా ఇచ్చారు. మా డాక్టర్ గారు రెండు పేజీలు తిరగేసి, దీన్నిబట్టి మందులేమీ మార్చలేనని చెప్పి ఫైల్లో పెట్టేశారు.

నాకది మింగుడుపడలేదు. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. మన సొంత కణాలకంటే అవే కాస్త ఎక్కువ, వాటిలో చాలా భాగం పెద్దపేగులోనే ఉంటాయి. అంతటి సంఖ్యలో ఉన్నవాటిలో తేడా కనిపిస్తుంటే, జబ్బుకు మూలం అదేననుకోవడం తప్పా? బ్యాక్టీరియాను సరిచేస్తే జబ్బు తగ్గాలి కదా?

సూక్ష్మదర్శి:
నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ బాధ నిజం. రిపోర్టులో ఉన్న బ్యాక్టీరియా కూడా నిజంగా మీ పేగుల్లో ఉన్నవే కావచ్చు. కానీ వీటివల్లే అది వచ్చిందని ఆ రిపోర్టు చెప్పలేదు.

ఒక్క విషయం కాస్త వివరంగా చెప్తాను. 2016లో బెల్జియంలో 1,100 మందికి పైగా మామూలు మనుషుల మలం పరీక్షించి, ఎవరిలో ఏ బ్యాక్టీరియా ఎందుకు ఎక్కువ, ఎందుకు తక్కువ అని చూశారు. వయసు, తిండి, మందులు, బరువు లాంటి పదుల కొద్దీ అంశాలను లెక్కలోకి తీసుకున్నారు. అన్నిటికంటే గట్టిగా నిలబడింది ఏమిటో తెలుసా? మలం గట్టిగా ఉందా, పల్చగా ఉందా అన్నది! పేగుల్లో కదలిక వేగంగా ఉంటే, నిదానంగా పెరిగే బ్యాక్టీరియా నిలదొక్కుకోకముందే బయటికి కొట్టుకుపోతాయి. వరద పారే రాయి మీద నాచు పట్టనట్టే. మలం పల్చబడేకొద్దీ వైవిధ్యం తగ్గుతుందని అదే బృందం వేరే పరిశోధనలోనూ చూపించింది. అంటే మీ రిపోర్టులోని "వైవిధ్యం తక్కువ" అన్న ఎర్ర గీత మీ విరేచనాలకు కారణం కాకుండా, ఫలితం అయ్యుండవచ్చు. ఇంకో మాట, వాళ్లు చూసిన అంశాలన్నీ కలిపినా మనిషికీ మనిషికీ మధ్య తేడాల్లో 8 శాతం లోపే అర్థమైంది. మిగతాదంతా ఎక్కడినుంచి వస్తోందో తెలియనప్పుడు "నార్మల్" అని గీత గీసేది ఎవరు?

2024 చివర్లో చాలా దేశాల నిపుణులు కలిసి ఈ టెస్టుల మీద ఒక ఏకాభిప్రాయ పత్రం వెలువరించారు. డాక్టర్ సూచన లేకుండా జనం నేరుగా ఇలాంటి టెస్టులు చేయించుకోవడాన్ని వాళ్లు ప్రోత్సహించలేదు. మీరు రాసిన ఆ నిష్పత్తిని రిపోర్టులో ఇవ్వడమే వద్దన్నారు. మీ డాక్టర్ గారు నిర్లక్ష్యం చేయలేదండీ, ఉన్నమాట చెప్పారు.

నిప్పురవ్వ:
సూక్ష్మదర్శి గారూ, మీ మాటలు వింటుంటే పాత కథ గుర్తొస్తోంది. కడుపులో పుండుకు కారణం టెన్షన్, యాసిడ్ అని దశాబ్దాలు చెప్పారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే డాక్టర్లు కలిసి, కారణం బ్యాక్టీరియా అంటే ఎవరూ చెవిన పెట్టలేదు. చివరికి 1984లో మార్షల్ తానే హెలికోబ్యాక్టర్ పైలోరి అనే ఆ బ్యాక్టీరియాను తాగి, జీర్ణాశయం వాచేలా చేసుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ మధ్యకాలంలో ఎంతమంది పేషెంట్లు "మీదంతా మనసులోనే" అన్న మాట పడుంటారో ఆలోచించండి. ఐబీఎస్ వాళ్లు ఈ రోజుకీ అదే మాట పడుతున్నారు. నేనూ పడ్డాను.

ఇక రుజువులంటారా, 2013లో నెదర్లాండ్స్ పరిశోధన ఉంది. క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల మళ్లీ మళ్లీ విరేచనాలు వచ్చేవాళ్లకు ఆరోగ్యవంతుల మలాన్ని ద్రవంగా చేసి ట్యూబ్ ద్వారా చిన్నపేగులోకి ఎక్కించారు. 16 మందిలో 13 మందికి మొదటిసారికే నయమైంది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రమే ఇచ్చిన 13 మందిలో నలుగురికే తగ్గింది. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. బ్యాక్టీరియాను మారిస్తే జబ్బు పోతుందనడానికి ఇంతకంటే ఏం కావాలి? ఐబీఎస్‌కే వస్తే, 2017లో కెనడాలో ఐబీఎస్ పేషెంట్ల మలాన్ని ఏ బ్యాక్టీరియా లేని ఎలుకలకు ఎక్కిస్తే వాటి పేగుల కదలిక వేగం పెరిగింది. ఆందోళన ఉన్న పేషెంట్ల మలం అయితే ఎలుకల ప్రవర్తనలోనూ ఆందోళన కనిపించింది. రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ విరేచనాల రకం ఐబీఎస్‌లో పనిచేస్తోంది కూడా. బ్యాక్టీరియాకు సంబంధం లేకపోతే యాంటీబయాటిక్ ఎలా పనిచేస్తుంది?

సూక్ష్మదర్శి:
నిప్పురవ్వ గారూ, "మనసులోనే ఉంది" అనేవాళ్ల మీద మీ కోపంలో నాకూ భాగం ఉంది. కానీ ఆ కోపం ఒక దారి, రుజువు ఒక దారి.

పైలోరి ఒక్క క్రిమి. దాన్ని పట్టుకోవచ్చు, పెంచవచ్చు, చంపవచ్చు, చంపాక పుండు తిరగబెట్టడం తగ్గిందో లేదో చూడవచ్చు. డిఫిసిల్ కూడా అంతే, అక్కడ శత్రువు ఎవరో ముందే తెలుసు. ఐబీఎస్‌లో అలాంటి ఒక్క క్రిమిని ఎవరూ చూపించలేదు. ఒక పరిశోధనలో తగ్గిందన్న బ్యాక్టీరియా మరో పరిశోధనలో పెరిగిందని వస్తోంది.

రిఫాక్సిమిన్ అంకెలు చూడండి. 2011లో వచ్చిన రెండు పెద్ద ట్రయల్స్ కలిపి చూస్తే, మందు వేసుకున్నవాళ్లలో దాదాపు 41 శాతం మందికి ఊరట దొరికింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ దాదాపు 32 శాతం మందికి దొరికింది. తేడా ఉంది, కాదనను. కొందరికి ఆ తొమ్మిది శాతమే పెద్ద వరం. కానీ మూలం దొరికిందని చెప్పుకునే తేడా కాదది.

ఎలుకల సంగతి. 2020లో కొందరు శాస్త్రవేత్తలు మనుషుల మలాన్ని ఎలుకలకు ఎక్కించిన 38 పరిశోధనలను ఏరి చూశారు. అందులో 36 పరిశోధనలు జబ్బు లక్షణం ఎలుకకు సంక్రమించిందనే చెప్పాయి. ఊబకాయం నుంచి మెదడు జబ్బుల దాకా అన్నీ! ఇన్ని రకాల జబ్బుల్లో 95 శాతం సార్లు బ్యాక్టీరియానే కారణమని తేలడం జీవశాస్త్రపరంగా నమ్మశక్యంగా లేదని వాళ్లే రాశారు.

తెల్లకోటు:
నేను గ్యాస్ట్రో వార్డులో నర్సును. ఈ చర్చ చదివి ఎవరైనా ఇంట్లో మల మార్పిడికి దిగుతారేమోనని భయమేసి రాస్తున్నాను. దయచేసి ఆ పని చేయవద్దు.

2019లో అమెరికాలో ట్రయల్స్‌లో భాగంగానే, డాక్టర్ల పర్యవేక్షణలోనే, ఇద్దరు పేషెంట్లకు ఒకే దాత మలంతో చేసిన క్యాప్సూల్స్ ఇచ్చారు. అందులో చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని ఈ-కోలి అనే బ్యాక్టీరియా ఉంది. ఇద్దరికీ రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకింది, ఒకరు చనిపోయారు. ఆ తర్వాతే దాతలకు ఆ క్రిమి పరీక్ష తప్పనిసరి చేశారు. ఆస్పత్రిలోనే అలా జరిగితే ఇంట్లో బ్లెండర్‌తో చేసుకుంటే ఏమవుతుంది?

పోనీ ఐబీఎస్‌లో అది పనిచేస్తుందా అంటే, అదీ తేలలేదు. 2018లో డెన్మార్క్ ట్రయల్‌లో మలం క్యాప్సూల్స్ తీసుకున్నవాళ్ల బ్యాక్టీరియా నిజంగానే మారింది, దాతల బ్యాక్టీరియాకు దగ్గరైంది. కానీ లక్షణాలు ఎక్కువగా తగ్గింది ప్లాసిబో (ఉత్తుత్తి మందు) తీసుకున్నవాళ్లకే! 2020లో నార్వేలో మాత్రం జాగ్రత్తగా ఎంచుకున్న ఒకే ఒక దాత మలం ఇస్తే 60 గ్రాములు తీసుకున్నవాళ్లలో 89 శాతం మందికి మేలు చేసింది, ప్లాసిబోలో 24 శాతం మందికే. ఈ రెండూ పద్ధతిగా జరిగిన ట్రయల్సే. ఎందుకింత తేడానో తేలేదాకా పేషెంటు శరీరంతో ప్రయోగాలొద్దు.

వేకువచుక్క:
తెల్లకోటు గారూ, అలాంటి ఆలోచన నాకు లేదు, నిశ్చింతగా ఉండండి. ప్రోబయాటిక్ అయినా వాడొచ్చా మరి? కంపెనీవాళ్లు పంపిన డబ్బా ఇంకా విప్పలేదు.

నిప్పురవ్వ:
వాడి చూడండి. బ్రిటన్ గ్యాస్ట్రో నిపుణుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 12 వారాల దాకా వాడి చూడొచ్చు, గుణం లేకపోతే ఆపేయండి అనే చెప్పింది.

సూక్ష్మదర్శి:
అదే సంఘం, ఫలానా రకం అని సిఫార్సు చేయలేమని కూడా అంది. అమెరికా సంఘమైతే 2020లో ఐబీఎస్‌కు ప్రోబయాటిక్స్ ట్రయల్స్‌లో తప్ప వద్దంది. మీ రిపోర్టు మీకోసమే ఎంచి ఇచ్చినట్టు చెప్పే ఆ డబ్బా వెనక ఆ ఎంపికను నిలబెట్టే ట్రయల్ ఉందా అని కంపెనీని అడగండి. ఒకవేళ ఈమధ్య యాంటీబయాటిక్ కోర్సు వాడి ఉంటే ఇంకో సంగతి. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు యాంటీబయాటిక్ తర్వాత ప్రోబయాటిక్ ఇచ్చి చూస్తే, ఏమీ ఇవ్వనివాళ్లకంటే వీళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం ఆలస్యమైంది. చిన్న పరిశోధనే, కానీ "మంచి చేయకపోయినా చెడు చేయదు" అన్న మాట అనేముందు ఆలోచించాలి.

గోధూళి:
ఇద్దరూ ఈరోజు పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందన్న దగ్గరే ఆగిపోయారనిపిస్తోంది. నిన్న ఏం జరిగిందో కూడా చూడాలి కదా. 2000లో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై వేలమందికి విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత ఏళ్ల తరబడి వాళ్లను గమనిస్తే, చాలామందికి ఐబీఎస్ మిగిలిపోయింది. పేగు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఇలా జరుగుతుందని తర్వాతి పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది.

ఎందుకలా? బెల్జియంలోని ల్యూవెన్ బృందం 2021లో చూపించింది చదివి నేను చాలాసేపు దాని గురించే ఆలోచించాను. ఎలుకలకు పేగు ఇన్ఫెక్షన్ ఉన్న సమయంలో గుడ్డు ప్రోటీన్ తినిపించారు. ఇన్ఫెక్షన్ పోయింది. కానీ ఆ తర్వాత అదే ప్రోటీన్ తిన్నప్పుడల్లా పేగు గోడలో రోగనిరోధక కణాలు మేలుకుని, పక్కనున్న నరాలను రెచ్చగొట్టి నొప్పి పుట్టించాయి. తర్వాత 12 మంది ఐబీఎస్ పేషెంట్లకు పాలు, గోధుమ, సోయా లాంటివాటి సారాన్ని నేరుగా పురీషనాళం గోడలోకి సూదితో ఇచ్చి చూశారు. పన్నెండుమందిలోనూ ఏదో ఒకదానికి అక్కడికక్కడే స్పందన వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 8 మందిలో ఇద్దరికే వచ్చింది. రక్తంలో చేసే మామూలు అలర్జీ పరీక్షలో ఇది దొరకదు. ఇదే నిజమైతే, మొదలుపెట్టింది క్రిమే, కానీ అది ఎప్పుడో వెళ్లిపోయింది. నడిపిస్తున్నది పేగు గోడ. ఈరోజు మలం తీసి ఎంత వెతికినా ఆ గుర్తు కనిపించదు.

నిప్పురవ్వ:
గోధూళి గారూ, ఇదే నేననేది! బ్యాక్టీరియాతో మొదలైందని మీరే అంటున్నారు. టెస్టు పనికిరాదంటే ఒప్పుకుంటాను, సిద్ధాంతమే పనికిరాదంటే ఒప్పుకోను. ఇప్పటి మలం పరీక్షలు పేగు గోడకు అంటుకుని ఉన్న బ్యాక్టీరియాను సరిగా చూపించవు. అవి ఏం తయారుచేస్తున్నాయో అసలే చూపించవు. పరికరం మొద్దుదైనంత మాత్రాన వెతకడం ఆపకూడదు.

సూక్ష్మదర్శి:
వెతకడం ఆపమని నేనెక్కడా అనలేదు. వెతుకుతున్న దశలో పేషెంటుకు డబ్బా అమ్మవద్దంటున్నాను.

వేకువచుక్క గారూ, మీకు పనికొచ్చే మాట ఒకటి. విరేచనాల రకం ఐబీఎస్ అని పేరు పెట్టినవాళ్లలో సుమారు నాలుగోవంతు మందికి అసలు సమస్య పిత్త ఆమ్లాలని చాలా పరిశోధనలు చెప్పాయి. కొవ్వును అరిగించడానికి కాలేయం తయారుచేసే ఈ ఆమ్లాలను చిన్నపేగు చివర తిరిగి పీల్చుకోవాలి, అలా జరగకపోతే అవి పెద్దపేగులోకి జారి నీళ్ల విరేచనాలు చేయిస్తాయి. దానికి పరీక్షలున్నాయి, ఆమ్లాలను పట్టి ఉంచే మందులూ ఉన్నాయి. మీకు చేసినవాటిలో ఆ పరీక్ష లేదు. అలాగే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చూశారా అని అడగండి, పేగు వాపు జబ్బు ఉందో లేదో అది పట్టిస్తుంది. రక్తం పడినా, బరువు తగ్గినా, రాత్రి నిద్రలోంచి లేపి మరీ విరేచనం వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి.

వేకువచుక్క:
పిత్త ఆమ్లాల సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. కాల్‌ప్రొటెక్టిన్ చేశారు, నార్మల్. వచ్చేవారం డాక్టర్ గారి దగ్గర మొదటి ప్రశ్న పిత్త ఆమ్లాల గురించే. చిన్నప్పుడు టైఫాయిడ్, తర్వాత ఒకసారి తీవ్రమైన విరేచనాలు వచ్చిన సంగతి కూడా చెప్తాను, ఇదంతా మొదలైంది ఆ రెండోదాని తర్వాతే. గోధూళి గారూ, ఆ ల్యూవెన్ పరిశోధన మనుషుల్లో పెద్ద ట్రయల్‌గా ఎక్కడైనా సాగుతుంటే ఇక్కడే రాయండి. నిప్పురవ్వ గారు అన్నట్టు, వెతికేవాళ్లకు నా శాంపిల్ ఇవ్వడానికి నాకేమీ అభ్యంతరం లేదు.