బట్లర్ ఇంటిపేరు వాళ్లందరిదీ ఒకే వంశమా?

ఐర్లండ్‌లో కిల్కెన్నీ కోట చూసొచ్చాక ఒక సందేహం పట్టుకుంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బట్లర్ అంటే వంటవాడని ఇన్నాళ్లూ అనుకున్నాను (మన ‘బట్లర్ ఇంగ్లీషు’ పుణ్యం!). అసలు ఆ మాట సీసాకు వాడే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందట. ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ ప్రభువుల ఇళ్లలో ద్రాక్షసారా కొట్టు చూసే అధికారి అన్నమాట. 1185లో ఇంగ్లండ్ రాకుమారుడు జాన్‌తో ఐర్లండ్ వెళ్లిన థియోబాల్డ్ వాల్టర్‌కి ఆ పదవి దక్కింది, అదే ఇంటిపేరైపోయింది. ఓడల్లో దిగే సారాలో వాటా కూడా వాళ్లదే. ఆ బట్లర్ వంశం వాళ్లే 1391లో ఈ కిల్కెన్నీ కోట కొన్నారు, 1967లో కేవలం 50 పౌండ్లకు ఊరికి ఇచ్చేశారు. వాళ్ల వంశచిహ్నంలో ఇప్పటికీ మూడు మూతగిన్నెలు ఉంటాయి.

ఇంతకీ నా ప్రశ్న: ప్రతి పెద్ద ఇంట్లోనూ ఒక బట్లర్ ఉండేవాడు కదా, మరి ఇంగ్లండ్‌లోని బట్లర్లకూ థియోబాల్డ్‌కీ చుట్టరికం ఉందా? మనవైపు కరణం ఇంటిపేరు వాళ్లందరూ ఒకే కుటుంబం కాదుగా! పాత పత్రాల్లో బట్లర్‌కు ‘లె బొటియె’ లాంటి పాత ఫ్రెంచి రూపం కనిపిస్తే అది ఉద్యోగమో ఇంటిపేరో ఎలా పోల్చుకుంటారు?