రీకాల్ ఉత్తరం వచ్చింది, పార్టు రాలేదు: బండి తీయాలా, ఆపేయాలా?

నాలుగోగేరు:
రీకాల్ ఉత్తరం వస్తుంది, అంటే లోపమున్న పార్టు మార్చడానికి తయారీదారు బండిని వెనక్కి పిలుస్తాడు. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పార్టు ఇంకా రాలేదు, నెలలు పట్టొచ్చు అంటారు. ఈలోగా నడపాలా వద్దా అన్నదే చర్చ. నా మాట సూటిగా చెప్తున్నా, నడపకూడదు. భద్రతా రీకాల్ అంటే లోపం ఉందని తయారీదారే ఒప్పుకున్నట్టు. ఆ తర్వాత కూడా "జాగ్రత్తగా నడుపుకుంటాంలే" అంటే అర్థం లేదు. ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగ్‌ను గ్యాస్‌తో ఉబ్బించే లోహపు డబ్బా) పగలడానికి మన జాగ్రత్తతో నిమిత్తం లేదు, ఎదుటివాడు వచ్చి గుద్దినా బ్యాగ్ తెరుచుకుంటుంది.

రింగ్‌స్పానర్:
అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ? టైరు గాలి ఒత్తిడి స్టిక్కర్ మీద అంకె తప్పు పడినా రీకాలే. దానికీ బండి మూలన పెట్టేస్తారా?

ఉత్తరంలో ముందు చూడాల్సింది ఏ మాట వాడారన్నది. "నడపవద్దు" అని ఉంటే వాదనే లేదు. సర్వీస్ సెంటర్ దాకా కూడా నడపకుండా, టోయింగ్ బండి పంపమని అడగాలి. "బయట నిలపండి" అని ఉంటే నడపొచ్చు గానీ ఇంటికి ఆనుకున్న షెడ్డులోనో సెల్లార్‌లోనో పెట్టకూడదు. ఈ రెండూ లేకపోతే అపాయింట్‌మెంట్ రాయించుకుని, నడుపుతూనే పార్టు కోసం చూడొచ్చు.

ఎయిర్‌బ్యాగులు తయారుచేసిన జపాన్ కంపెనీ టకాటా వ్యవహారమే చూడండి. 2016 జూన్‌లో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001-2003 మధ్య మోడళ్లలో కొన్ని హోండా, అక్యూరా కార్లను వెంటనే ఆపేయమంది. వాటిలోని ఒక రకం ఇన్‌ఫ్లేటర్లు పరీక్షల్లో 50 శాతం దాకా పగిలే అవకాశం చూపించాయి. మిగతా కోట్ల ఇన్‌ఫ్లేటర్లకు అప్పట్లో ఆ మాట అనలేదు. బండి వయసు, తిరిగిన ప్రాంతం చూసి వరస పెట్టి మార్పించింది.

నీలిమ_క్యూసీ:
ఆ వరస వెనక రసాయనం ఉంది. గ్యాస్ పుట్టించడానికి టకాటా వాడింది ఫేజ్ స్టెబిలైజ్డ్ అమోనియం నైట్రేట్ అనే రసాయనపు బిళ్లలు. లోపలికి తేమ చేరి, పగటి వేడి, రాత్రి చల్లదనం ఏళ్ల తరబడి మారుతూ ఉంటే ఆ బిళ్లలు గుల్లబారతాయి. గుల్లబారితే మండే ఉపరితలం పెరుగుతుంది. అప్పుడు గ్యాస్ ఉండాల్సిన దానికంటే వేగంగా పుట్టి, ఆ ఒత్తిడికి లోహపు డబ్బా చీలిపోతుంది. ముక్కలు బ్యాగ్ గుడ్డను చించుకుని మొహం మీదికి, మెడ మీదికి వస్తాయి. అందుకే వేడి, ఉక్క ఎక్కువున్న చోట్ల తిరిగిన పాత బండ్లది మొదటి వరస.

కాబట్టి రింగ్‌స్పానర్ గారూ, మీ లెక్కలో ఒక లొసుగు ఉంది. ఉత్తరంలో మాట మారకపోయినా బండికి వయసు పెరుగుతూనే ఉంటుంది, ముప్పూ దానితోపాటే. 2022 నవంబర్‌లో డాడ్జ్, క్రైస్లర్ కార్ల కంపెనీ స్టెల్లాంటిస్ తన 2005-2010 మధ్య మాగ్నమ్, ఛార్జర్, ఛాలెంజర్, క్రైస్లర్ 300 మోడళ్లకు "నడపవద్దు" అని కొత్తగా చెప్పింది. వాటికి రీకాల్ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉంది. పాత ఉత్తరం పట్టుకుని కూర్చోకుండా, నెలకోసారి కంపెనీ సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూడాలి.

ఇంకో సంగతి. మొదట్లో పార్టులు చాలక కొన్ని బండ్లకు అదే రకం కొత్త ఇన్‌ఫ్లేటర్ వేశారు. అది తాత్కాలిక మరమ్మతు, దాన్నీ మళ్లీ మార్చాల్సిందే. "మాది అయిపోయింది" అనుకునేవాళ్లు బిల్లు తీసి చూసుకోవడం మేలు.

పాతబండి:
పార్టు వచ్చేదాకా ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ పీకేస్తే పోలా? పేలేదే లేకపోతే ముక్కలెక్కడివి?

రింగ్‌స్పానర్:
వద్దండీ. ఆ ఫ్యూజ్ ఒక్క బ్యాగ్‌ది కాదు, అన్ని ఎయిర్‌బ్యాగులనూ నడిపే ఎస్‌ఆర్‌ఎస్ మాడ్యూల్ మొత్తానిది. అది పీకితే పక్క బ్యాగులూ పోతాయి, సాధారణంగా సీటుబెల్టును బిగించే ప్రిటెన్షనర్లూ పోతాయి. కొందరు కనెక్టర్ తీసేసి 2-3 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి డాష్‌బోర్డు మీది ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం ఆర్పేస్తారు. అది ఇంకా ఘోరం. దీపం ఆరి ఉంటుంది కాబట్టి, ఆ బండి కొనుక్కున్నవాడు బ్యాగ్ ఉందనే నమ్ముతాడు. తుక్కు బండి నుంచి తెచ్చిన ఎయిర్‌బ్యాగ్ బిగించడమూ ఇదే బాపతు, ఆ ఇన్‌ఫ్లేటర్ కూడా రీకాల్‌లోదే కావచ్చు.

లోపం ప్యాసింజర్ వైపు బ్యాగ్‌దైతే ఆ సీటు ఖాళీగా ఉంచండి. 2014లో అమెరికాలో టొయోటా ఇదే దారి పట్టింది. పార్టు లేనిచోట డీలరే ఆ వైపు బ్యాగ్‌ను పనిచేయకుండా చేసి, ఇక్కడ కూర్చోవద్దని హెచ్చరిక అంటించాడు. డీలర్ చేసి కాగితం ఇవ్వడం వేరు, మనం ఫ్యూజ్ పీకడం వేరు.

బ్యాటరీమిత్ర:
అందరూ నడపడం గురించే మాట్లాడుతున్నారు. నిలిపి ఉంచడమే ప్రమాదమైన రీకాల్స్ ఉన్నాయి. నాలుగోగేరు గారు చెప్పినట్టు బండి ఆపేసి షెడ్డులో పెడితే, ఇల్లే అంటుకోవచ్చు.

షెవ్రొలే బోల్ట్ ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీ సెల్‌లో ఆనోడ్ ట్యాబ్ (ఒక ధ్రువాన్ని కలిపే రేకు) చిరగడం, సెపరేటర్ (రెండు ధ్రువాలను విడదీసే పొర) మడతపడడం, ఈ రెండు తయారీ లోపాలూ ఒకే సెల్‌లో కలిస్తే మంటలు వచ్చాయి. 2021లో ఓనర్లకు ఇచ్చిన సూచనలు ఇవి: ఛార్జింగ్ 90 శాతం దగ్గర ఆపేలా సెట్ చేయండి, రేంజ్ దాదాపు 113 కిలోమీటర్ల కిందికి దిగనివ్వకండి, ఛార్జింగ్ కాగానే బయట నిలపండి, రాత్రంతా లోపల ఛార్జింగ్‌లో వదిలేయకండి. పై హద్దు ఒక్కటే పాటించి కింది హద్దు మరిచిపోకండి.

పెట్రోలు బండ్లకూ తప్పదు. 2023 సెప్టెంబర్‌లో అమెరికాలో హ్యుందాయ్, కియా కలిసి 30 లక్షలకు పైగా బండ్లను రీకాల్ చేశాయి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) మాడ్యూల్ లోపల బ్రేక్ ఆయిల్ కారి షార్ట్ సర్క్యూట్ కావచ్చు, ఇంజన్ ఆపి ఉన్నా మంట రావచ్చు.

పాతబండి:
దానికి చేసిన మరమ్మతు ఫ్యూజ్ మార్చడమేగా! కారుతున్న మాడ్యూల్ అలాగే ఉండగా ఫ్యూజ్ మారిస్తే ఏమొస్తుంది?

నీలిమ_క్యూసీ:
షార్ట్ అయినప్పుడు మాడ్యూల్‌లోకి పారే కరెంటుకు హద్దు పడుతుంది. మంటకు అసలు కారణం ఆ కరెంటు పుట్టించే వేడి. కారడం ఆగదన్న మీ మాట నిజమే. అందుకని ఫ్యూజ్ మార్చాక కూడా బ్రేక్ ఆయిల్ మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఎక్కడుందో గుర్తుపెట్టుకుని నెలకోసారి చూడండి. ప్యాడ్లు అరిగేకొద్దీ అది మెల్లగా తగ్గుతుంది. ప్యాడ్లు బాగుండి, బయటెక్కడా తడి లేకుండా మట్టం దిగుతుంటే మాడ్యూల్ చూపించాలి. ఆయిల్ పోసి ఊరుకోవద్దు.

నాలుగోగేరు:
సరే, స్టిక్కర్ రీకాల్‌కి బండి ఆపమని నేనూ అనను. కానీ ఉత్తరంలో మాటే ప్రమాణం అంటే నేను ఒప్పుకోను. అసలు చూడాల్సింది లోపం ముందస్తు సూచన ఇస్తుందా లేదా అన్నది. వీల్ బేరింగ్ అరిగితే చప్పుడు వినిపిస్తుంది, బ్రేక్ పెడల్ మెత్తబడితే కాలికి తెలుస్తుంది. 2014 నాటి జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్‌కి అలాంటిదేం లేదు. తాళంగుత్తి బరువుకో మోకాలు తగిలితేనో తాళం రన్ (ఇంజన్ నడిచే స్థానం) నుంచి జారిపోయేది. ఇంజన్ ఆగేది, ఎయిర్‌బ్యాగులూ తెరుచుకునేవి కావు. కంపెనీ పెట్టిన పరిహార నిధి ఒప్పుకున్న లెక్కలోనే 124 మంది చనిపోయారు. దానికి చెప్పింది మాత్రం "గుత్తి తీసేసి ఒక్క తాళంతో నడపండి" అని.

రింగ్‌స్పానర్:
ఆ సూచన తేలిగ్గా అనిపిస్తుంది గానీ పనిచేసేదే. బరువు తీసేస్తే తాళాన్ని లాగే బలం తగ్గుతుంది.

నడుస్తుండగా ఇంజన్ ఆగిపోతే ఏం చేయాలో కూడా తెలిసుండాలి, ఫ్యూయల్ పంపు రీకాల్స్‌కీ ఇదే వర్తిస్తుంది. బ్రేక్‌ను పదేపదే తొక్కవద్దు. బ్రేకును తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరిపోతుంది, అందుకే ఒకసారి గట్టిగా తొక్కి పట్టుకోండి. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు చేతులతో తిప్పండి, తిరుగుతుంది. బండి పూర్తిగా ఆగేదాకా తాళం బయటికి తీయవద్దు, తీస్తే స్టీరింగ్ లాక్ పడుతుంది. న్యూట్రల్‌లోకి వేసి, హజార్డ్ దీపాలు వేసి పక్కకు తీయండి.

చూపుడువేలు:
సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ల గురించి ఎవరూ ఎత్తలేదు. ఉత్తరం రికార్డులో ఉన్న ఓనర్ అడ్రసుకే పోతుంది. కాబట్టి ఉత్తరం రాలేదంటే రీకాల్ లేదని కాదు. ఛాసిస్ నంబర్ 17 అక్షరాలు. అద్దం కింద డ్రైవర్ వైపో, డ్రైవర్ తలుపు పిల్లర్ మీదో, రిజిస్ట్రేషన్ కాగితంలోనో ఉంటుంది. అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అలా కనిపించిందంటే అది 1 గానీ 0 గానీ అయ్యుంటుంది. మోడల్, సంవత్సరం చూసి "మాది కాదు" అనుకోవద్దు. ఒకే ఏడు తయారైన రెండు బండ్లలో వేర్వేరు సరఫరాదారుల పార్టులు ఉండొచ్చు.

సర్వీస్ సెంటర్‌తో మాట నోటితో ఆపకండి. పార్టు ఆర్డర్ నంబర్, తేదీ మెయిల్‌లో తీసుకోండి. ఈలోగా వేరే బండి ఇస్తారా అని అదే మెయిల్‌లో అడగండి. అడగనివాళ్లకు వాళ్లంతట వాళ్లు ఇవ్వడం అరుదు. రీకాల్ ప్రకటించకముందే అదే లోపానికి సొంత డబ్బుతో పార్టు మార్పించి ఉంటే ఆ బిల్లు దాచండి, చాలా రీకాల్స్‌లో తిరిగి చెల్లించే పద్ధతి ఉంటుంది. బిల్లు మీద పార్టు నంబర్, కిలోమీటర్ల రీడింగ్, లోపం వివరం కనిపించాలి.

పని అయ్యాక జాబ్ కార్డు మీద రీకాల్ నంబర్, వేసిన పార్టు నంబర్ రాయించుకోండి. కొన్ని వారాల తర్వాత ఛాసిస్ నంబర్ మళ్లీ కొట్టి చూడండి. ఇంకా పెండింగ్ అని చూపిస్తే, పని జరగలేదో, క్లెయిమ్ నమోదు కాలేదో ఆ జాబ్ కార్డు చూపించి అడగండి.

నాలుగోగేరు:
మెయిల్ పెట్టినా వేరే బండి ఇవ్వకపోతే? లోపం ఎయిర్‌బ్యాగ్‌ది, పైగా బండి పాతది అయితే నేను ఇప్పటికీ ఆపేయమనే అంటాను.

రింగ్‌స్పానర్:
పాత బండి, వేడి ప్రాంతం, డ్రైవర్ వైపు ఇన్‌ఫ్లేటర్, ఈ మూడూ కలిస్తే నేనూ అదే అంటాను. మూడేళ్ల బండికి అనను.